ఏది దేనిని ఢీకొన్నది?

గడచిన సంవత్సరము వర్షకాలమున ఒకనాటి సాయంకాలము మా పాఠశాల ఏడవ తరగతి బాలుడొకడు హోసూరు రోడ్డు ప్రక్కనున్న సర్వీసు రోడ్డుమీద సైకిలుపై ఇంటికి పోవుచుండగా, వెనుకనుండి వచ్చిన సరకుల ఆటో ఒకటి అతనిని పడగొట్టెను. కుడి ముంజేతి ఎముక చిట్లినది. ఆరు వారములు పిండికట్టుతోనే బడికి వచ్చి ఎడమచేత అక్షరములు దిద్దుకొనెను. అంతకు మించిన కీడు కలుగలేదు గనుక ఆ సంగతి మేము మరచిపోయి యుండెడివారమే. కాని తరువాత జరిగిన చిన్న విషయమొకటి మమ్ము ఆలోచనలో పడవైచినది.

బాలుని తండ్రిగారు అనంతపురము జిల్లానుండి బొమ్మనహళ్ళికి వచ్చి పదునెనిమిది సంవత్సరములైనది. కన్నడము ధారాళముగా మాటలాడగలరు; వ్రాయుట మాత్రము అలవడలేదు. వైద్యమునకైన ఖర్చు రాబట్టుకొనుటకై ఒక కార్యాలయమునకు అర్జీ పెట్టుకొనవలసి వచ్చినప్పుడు, తాము చెప్పుచుండగా పొరుగింటి కుఱ్ఱవానిచేత కన్నడమున వ్రాయించిరి. అర్జీకి తలకట్టు ‘నన్న మగన ప్రమాదద బగ్గె’ అని. నా కుమారుని ప్రమాదమును గూర్చి యని వారి యుద్దేశము. దానిని చదివిన గుమాస్తా, తప్పు మీ పిల్లవానిదే యని మీరే వ్రాసితిరి కదా, ఇక మేమేమి చేయగలమని అడిగెను. తండ్రిగారు ఆ కాగితము చేతబట్టుకొని మా వద్దకు వచ్చి, ‘అయ్యా, నేను అట్లు ఎక్కడ చెప్పితిని?’ అని అడిగిరి.

వారు చెప్పలేదు, వారు వాడిన మాట చెప్పినది. కన్నడమున ప్రమాదమనగా సాధారణముగా పొరపాటు, తప్పిదము. మనము ప్రమాదమనెడు దానిని వారు అపఘాత యందురు. ‘మగన ప్రమాద’ యన్నచో కన్నడిగునకు కుమారుడు చేసిన తప్పు అనియే తోచును. ఒక్క మాట మార్చి అర్జీ తిరిగి వ్రాయించుటతో పని చక్కబడెను. రెండు వారములు ఆలస్యమైనది, అంతే. అయినను, ఆ మాటను చూచి చదువుకొన్న మేమును మొదట ఏ దోషమును కనిపెట్టలేకపోతిమని ఒప్పుకొనవలసియున్నది.

ఇందు కన్నడిగుల పొరపాటేమియు లేదు. నిజము చెప్పవలెనన్న, మాటకు అర్థము మార్చుకొన్నవారము మనమే. సంస్కృతమున ప్రమాదమనగా ఏమరుపాటు. అమరకోశమును వల్లించినవారికి ప్రమాదమునకు అనవధానత యని అర్థము చెప్పబడియున్నట్లు జ్ఞాపకముండును. బౌద్ధుల ధమ్మపదములో రెండవ అధ్యాయమునకు అప్పమాదవర్గమని పేరు, ఏమరకుండుటను గూర్చినదది. తెలుగులోను ఆ పాత అర్థము పూర్తిగా నశింపలేదు. ‘అప్రమత్తముగా నుండుము’ అని మనము పిల్లలతో చెప్పునప్పుడు ప్రమాదములేక, అనగా ఏమరుపాటులేక, ఉండుమనియే చెప్పుచున్నాము. కాని ‘ప్రమాదము జరిగినది’ అన్నప్పుడు ఆ ఏమరుపాటు ఎవరిదో ఆ మాటలో మిగులలేదు. ‘ప్రమాదవశాత్తు’ అనునది మరియు విచిత్రము. అజాగ్రత్తవలన అనవలసిన మాట, ఎవరి అజాగ్రత్తయు లేకయే అనెడి అర్థమున నిలిచినది! ఒకరి దోషమును చెప్పుటకు పుట్టిన పదము, ఎవరి దోషమును చెప్పకుండుటకు పనికి వచ్చుచున్నది.

ఇట్టి చర్చ ఇంగ్లీషు వారిలోను చాలకాలముగా జరుగుచున్నది. యాక్సిడెంటు అనగా దైవికముగా, నివారింప వీలులేక జరిగినదని ధ్వనించుచున్నదనియు, త్రాగి నడుపుటయు అతివేగమును దైవికములు కావనియు వారి వాదము. అమెరికా ప్రభుత్వపు రహదారి భద్రతా సంస్థ 1997లో ఆ మాటను విడనాడుటకై ప్రచారము చేసెను. బ్రిటిషు మెడికల్ జర్నల్ 2001లో తన పుటలలో దానిని వాడబోమని ప్రకటించెను. న్యూయార్కు పోలీసులు 2013లో తమ యాక్సిడెంటు పరిశోధక దళమునకు కొలిజన్ దళమని, అనగా ఢీకొనుటలను పరిశోధించు దళమని, పేరు మార్చిరి. మన దేశములో మాత్రము కేంద్ర రవాణా శాఖ ఏటేట ప్రకటించు నివేదికకు నేటికిని ‘రోడ్ యాక్సిడెంట్స్ ఇన్ ఇండియా’ యనియే పేరు. 2022వ సంవత్సరపు నివేదిక ప్రకారము ఆ యేడు దేశమున 4,61,312 ప్రమాదములు జరిగి, 1,68,491 మంది మరణించిరి. మృతులలో సుమారు 71 శాతము మంది అతివేగమునకు బలియైనవారే. పేరు ఏదైనను లోపల కారణము వ్రాసియే యున్నదన్నమాట.

ప్రమాదమను మాటను మనము కూడ వెలివేయవలెనని మేము చెప్పుట లేదు. అందరి నోటను నలిగిన మాటను ఏ సంఘమును తీసివేయజాలదు, తీసివేయబూనుటయు హాస్యాస్పదము. మేము చెప్పునది వేరు. ఏమి జరిగినదని ఎవరైన అడిగినప్పుడు ‘ప్రమాదము జరిగినది’ యనుట సమాధానము కాదు. అది ప్రశ్ననే మరల చెప్పుట. సమాధానము క్రియలో నుండవలెను. మన తెలుగు క్రియలు ఇందులో ఎంత నేర్పు గలవో, ఎంత తప్పించుకొను స్వభావము గలవో ఒకింత చూడవలసియున్నది.

‘లారీయు స్కూటరును ఢీకొన్నవి’ అన్నచో రెండును సమానముగా తలపడినట్లు. పొట్టేళ్ళ పోరునుండి వచ్చిన మాట గదా ఢీ యనునది! ‘లారీ స్కూటరును ఢీకొన్నది’ అన్నచో చేసినది లారీ. అందలి ‘ను’ మొదటి వాక్యములో సముచ్చయము, రెండవ దానిలో ద్వితీయా విభక్తి. ఇంత చిన్న అక్షరముమీద ఇంత భారమున్నది. వ్యవహారములో పిల్లలు దీనిని తరచుగా వదలివేయుదురు. ప్రాణములేని వస్తువులకు ద్వితీయా ప్రత్యయము లేకున్నను తెలుగు చెల్లుననుట వ్యాకరణము ఎరిగినవారికి తెలిసినదే. అన్నము తింటిననుట, పుస్తకము చదివితిననుట తప్పు కాదు. కాని ‘ఆటో కారు గుద్దింది’ అని ఒక బాలిక చెప్పినప్పుడు ఏది దేనిని గుద్దెనో ఆ బాలికకు తప్ప వేరొకరికి తెలియదు. ఇచ్చట మాత్రము ‘ను’ పలికి తీరవలెను.

‘తగులు’ అనునది మరియు మెత్తని క్రియ. ‘నాకు బండి తగిలింది’ అందుము. చలి తగిలినట్లు, ఎండ తగిలినట్లు బండియు తగిలినది! నడిపినవాడు ఆ వాక్యములో లేడు. ‘బండి తగిలించినాడు’ అన్నప్పుడు అతడు ప్రత్యక్షమగును. అట్లే యాక్సిడెంటు అయింది, యాక్సిడెంటు చేసినాడు, పడినాడు, పడగొట్టినాడు, రాసుకొన్నది, రాసుకొనిపోయినాడు. ప్రతి జంటలో మొదటిది తానే జరిగినట్లు చెప్పును, రెండవది ఒకరు జరిపినట్లు చెప్పును. రెండును మంచి తెలుగే. ఏది నిజమో దానిని ఎన్నుకొనవలెననుటయే మా మాట.

అన్నిటికంటె మమ్ము బాధించునది ‘లారీ క్రింద పడి మరణించెను’ అను వాక్యము. పత్రికలలో ఎన్నిమార్లు చదివితిమో! బావిలో పడినట్లు, చెట్టుమీదనుండి పడినట్లు మనుష్యుడు తానే పోయి లారీ క్రింద పడినట్లున్నది. వాక్యమునకు కర్త చనిపోయినవాడు. లారీ కేవలము స్థలము. నడిపినవాని మాటయే లేదు. ఒక్కొక్కప్పుడు అది నిజమే కావచ్చును. జారి చక్రము క్రింద పడినవారు లేకపోలేదు. కాని ప్రక్కనుండి వచ్చి కూలద్రోసిన లారీకిని ఇదే వాక్యము వాడుట ఏమి న్యాయము? ‘మృత్యుశకటము’, ‘లారీ రూపమున కబళించిన మృత్యువు’ మొదలగు అలంకారములును ఇంతే. యమధర్మరాజుపై కేసు పెట్టుట ఎవరి తరము?

‘అడ్డము వచ్చినాడు’ అనునది దీనికి తోడబుట్టినది. బొమ్మనహళ్ళి వంటి చోట దీనిని ప్రత్యేకముగా పరీక్షింపవలెను. హోసూరు రోడ్డుపై 2010లో ఎలక్ట్రానిక్ సిటీ వరకు పైవంతెన మార్గము తెరవబడినది. 2025 ఆగస్టునుండి మెట్రో పసుపు మార్గపు రైళ్ళును బొమ్మనహళ్ళి స్టేషనులో ఆగుచున్నవి. పైన పోవువారికి సౌకర్యమే. క్రిందనున్న రోడ్డును గార్మెంట్సు ఫ్యాక్టరీలకు పోవు స్త్రీలు, బడిపిల్లలు, బస్సు దిగినవారు నడచియే దాటుచున్నారు. నడచి దాటువారు రోడ్డుకు అడ్డముగా గాక నిలువుగా ఎట్లు దాటగలరు? ఈ చోట ‘హుడుగ అడ్డ బంద’ యని ఒక డ్రైవరు చెప్పిన మాట, వినుటకు వర్ణనవలె నుండి, నిజమునకు తీర్పువలె పనిచేయును. మా బాలుని విషయములోను మొదట వినబడినది ఈ మాటయే. వెనుకనుండి వచ్చిన బండికి ముందు పోవుచున్న సైకిలు ఎట్లు అడ్డము వచ్చునో మేము నేటికిని గ్రహింపలేకున్నాము.

అయితే చూచినవారి మాట తొందరపడి మరియొక వైపునకు ఒరుగుటయు కలదు. 2025 అక్టోబరు 24వ తేదీ తెల్లవారుజామున కర్నూలు సమీపమున చిన్నటేకూరు వద్ద, హైదరాబాదునుండి మన నగరమునకు వచ్చుచున్న ప్రైవేటు బస్సు తగులబడి పంతొమ్మండుగురు ప్రయాణికులు మరణించిరి. ఆ దారిలో రాకపోకలు లేని తెలుగు కుటుంబము మనలో అరుదు. ఆ దినమున ఎందరి గుండెలు కొట్టుకొన్నవో చెప్పనక్కరలేదు. బస్సు ఒక మోటారు సైకిలును ఢీకొన్నదని తొలి వార్తలు. తరువాత పోలీసులు తెలిపినది వేరు. ఆ మోటారు సైకిలు అంతకు ముందే అదుపు తప్పి డివైడరును గుద్దుకొనెననియు, నడిపిన యువకుడు అక్కడనే మరణించెననియు, రోడ్డుపై పడియున్న ఆ బండిమీదికి బస్సు ఎక్కి దానిని ఈడ్చుకొని పోగా నిప్పు పుట్టెననియు వారు చెప్పిరి. వెనుక కూర్చుండి బ్రతికి బయటపడిన యువకుని మాటలవలన ఈ సంగతి తెలిసినది. ‘ఢీకొన్నది’ అను ఒక్క క్రియలో రెండు వేరువేరు సంఘటనలు కలిసిపోయి యుండెను. వాటిని విడదీసిననే గాని ఎవరు దేనికి బాధ్యులో తేలదు.

మాట ఒకరి జ్ఞాపకమునే మార్చివేయునని చెప్పినచో కొందరు నమ్మకపోవచ్చును. 1974లో అమెరికాలోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయమున ఎలిజబెత్ లాఫ్టస్, జాన్ పామర్ అనువారు దీనిని పరీక్షించి చూచిరి. 45 మంది విద్యార్థులకు కార్లు ఢీకొను చిన్న చిత్రములు చూపి, ఆ కార్లు ఎంత వేగమున పోవుచుండెనని అడిగిరి. అందరికిని చూపిన చిత్రములు ఒక్కటే. ప్రశ్నలోని క్రియ మాత్రము వేరు. నుజ్జయిపోవునట్లు గుద్దుకొన్నప్పుడు అని అడిగినచో వచ్చిన సగటు సమాధానము గంటకు 40.8 మైళ్ళు. తాకుకొన్నప్పుడు అని అడిగినచో 31.8 మైళ్ళు. మన లెక్కలో ఇంచుమించు 66 కిలోమీటర్లకును 51 కిలోమీటర్లకును గల తేడా. మరియొక పరీక్షలో 150 మందికి ఒక చిత్రము చూపి, వారము దినముల తరువాత, పగిలిన అద్దము చూచితిరా యని అడిగిరి. చిత్రములో పగిలిన అద్దము లేనేలేదు. నుజ్జగుటను గూర్చి ప్రశ్న వినిన 50 మందిలో 16 మంది చూచితిమనిరి. మెత్తని మాట వినిన 50 మందిలో ఏడుగురే అట్లనిరి.

తల్లిదండ్రులకు ఇందు పనికివచ్చునది కలదు. పిల్లవాడు దెబ్బతో ఇంటికి వచ్చిన వెంటనే మనము, ‘ఎంత జోరుగా వచ్చి గుద్దినాడురా?’ అని అడుగుదుము. ప్రేమతోనే అడుగుదుము. కాని జోరును మనమే వాని చెవిలో వేసినవారమగుదుము. మరునాటికి అది వాడు చూచినదై కూర్చుండును. ‘ఏమి జరిగినది? మొదటినుండి చెప్పుము’ అని అడిగి, మధ్యలో మాట అందీయక వినుట కష్టమే గాని మేలు.

ఇక ఇరుగుపొరుగు భాషల సంగతి. మన పిల్లలు బడిలో తెలుగు, వీధిలో కన్నడము, ఆటస్థలములో రెండును, సందులో తమిళమును వినుచు పెరుగుచున్నారు. ఇది వారి భాగ్యమే. అయినను కొన్ని మాటలు వేషము మార్చుకొని వచ్చును. మా నాలుగవ తరగతి బాలుడొకడు వ్యాసములో, ‘లారీ కారుకు డిక్కీ కొట్టెను’ అని వ్రాసెను. కన్నడమున డిక్కి యనగా ఢీకొనుట. ‘డిక్కి హొడెయితు’ అందురు. తెలుగువారికి డిక్కీ యనగా కారు వెనుక సామాను పెట్టుకొను చోటు. తాతగారు చదివి, ఆ పెట్టె మూత ఎవరు కొట్టిరని ఆశ్చర్యపడినారట! ‘పెట్టాయితు’ అనగా దెబ్బ తగిలినదని. ఆ పెట్టు మనకును పరాయిది కాదు; చెంపపెట్టు, గొడ్డలిపెట్టు అను మాటలలో నేటికిని నిలిచియున్నది. తమిళులు మామూలు స్కూటరు పాటును కూడ విపత్తు అందురు. మనకు విపత్తనగా వరదయో తుపానో కావలెను. పొరుగింటి తమిళ ఇల్లాలు మీ అబ్బాయికి విపత్తని చెప్పినప్పుడు ముందు నిదానింపవలెను. పోలీసు ఠాణాలో దూరు అనగా ఫిర్యాదు. తెలుగున దూరుట నిందించుట. అందువలన ‘దూరు కొడి’ యని వారు చెప్పినప్పుడు ఎవరినో తిట్టుమని కాదు, ఫిర్యాదు ఇమ్మని. హేళికె యనునది వాంగ్మూలము. మనము పంచనామా యనెడు దానిని ఇచ్చట మహజరు అందురు. గాయము, సాక్షి, వాహనము రెండింటను ఒక్కటే.

ఈ మాటలు కాగితము మీదికి ఎక్కునప్పుడు చట్టము ఇచ్చిన కొన్ని వీలులు తెలిసియుండుట మంచిది. ఠాణాలో నోటితో చెప్పిన ఫిర్యాదును వ్రాసికొన్న తరువాత చెప్పినవారికి చదివి వినిపింపవలెననియు, దాని నకలు ఉచితముగా ఇవ్వవలెననియు భారతీయ నాగరిక సురక్షా సంహిత 173వ విభాగము చెప్పుచున్నది. చదివి వినిపించినప్పుడు అర్థము కాని మాట ఉన్నచో, సంతకమునకు ముందే దాని అర్థము అడుగుటకు సిగ్గుపడరాదు. పదునైదేండ్ల లోపు బాలుని గాని, స్త్రీని గాని సాక్ష్యము కొరకు నివాసస్థలమునకు వెలుపల ఎచ్చటికిని రమ్మని నిర్బంధింపరాదని అదే సంహిత 179వ విభాగము. మోటారు వాహనముల చట్టము, 1988లోని 134వ విభాగము ప్రకారము గాయపడినవారికి వైద్యము అందునట్లు చూచుటయు, 24 గంటలలోపల పోలీసులకు తెలుపుటయు డ్రైవరు విధి. దెబ్బతిన్నవారిని సద్బుద్ధితో ఆదుకొన్న దారిన పోవువారిపై ఆ సహాయమునకై కేసు రాకుండ 2019 సవరణ రక్షణ కల్పించినది. గుద్ది పారిపోయిన బండి ఆచూకీ ఎంత వెదకినను తెలియనప్పుడు మృతుని కుటుంబమునకు రెండు లక్షల రూపాయలు, తీవ్రముగా గాయపడినవారికి ఏబది వేలు ఇచ్చు పథకము 2022 ఏప్రిలునుండి అమలులో నున్నది. ‘బండి తగిలింది’ అని మాత్రమే వ్రాయించి, అది ఆగక పోయినదను మాటను వదలివేసినచో ఈ పథకము సంగతి ఎవరికిని తోచదు.

పై సంఘటన తరువాత మేము ఆరవ, ఏడవ తరగతులలో నెలకు ఒక గంట దీనికై కేటాయించితిమి. బొమ్మ కార్లు రెండు బల్లమీద నడిపించి, పిల్లలచేత చూచినది వ్రాయింతుము. తెలుగున ఒకమారు, కన్నడమున ఒకమారు. మా కన్నడ ఉపాధ్యాయినిగారు ప్రక్కన కూర్చుండి దిద్దుదురు. నేరము మోపుట నేర్పుట మా ఉద్దేశము కాదని మొదటి దినముననే చెప్పితిమి. ఒక అమ్మాయి లేచి, ‘చూడనిది ఏమని వ్రాయవలెనండీ?’ అని అడిగెను. చూడలేదని వ్రాయుమంటిమి. అది కూడ వ్రాయవచ్చునని వారిలో చాలమందికి తెలియదు.

కట్టు విప్పించుకొన్న మా బాలుడును ఆ గంటలో తన సంగతి వ్రాసెను. అక్షరములు ఇంకను కొంచెము వంకరగానే యున్నవి. ‘నేను ఎడమ ప్రక్కన పోవుచుంటిని. వెనుకనుండి సరకుల ఆటో వచ్చి నా సైకిలు వెనుక చక్రమును గుద్దెను. నేను కుడిచేతిమీద పడితిని. డ్రైవరు ఆగి నన్ను లేపెను. ఆటో ఎంత వేగమున వచ్చెనో నేను చూడలేదు.’